నూటికి తొంభై ఏడు

ఒరేయ్ జయదేవ్,

నూటికి తొంభై ఏడంటే డిస్టింక్షన్ కాదురా. "వంద గుండ్లు పేల్చా అమ్మమ్మా, మూడే ఇరుక్కున్నాయి. చవగ్గా దొరికినా మంచి పిస్టలే" అని నిన్న ఫోన్లో మురిసిపోయావు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని. పిస్టల్‌కి కూడా మార్కులు వేసి గర్వపడేది మనవాళ్ళే.

పైగా, "జేబులో పెట్టుకు తిరగడానికి పనికొస్తుందంటావా?" అని నన్నే అడిగావు. షూటింగ్ క్లబ్బుకి తప్ప దాన్ని గడప దాటించకూడదని ఈ దేశంలో చట్టం ఉంది. లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్న ఛాయిస్‌లో వదిలేశావా?

నీ శౌర్యానికంతా కారణమైన ఆ తలుపు కెమెరా వీడియో, నువ్వు మన ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది, ఇవాళ మీ మామయ్య ఫోన్లో చూశాను. మీ గుమ్మం ముందు ఎవడో హుడ్ కప్పుకుని, మొహానికి మఫ్లర్ చుట్టుకుని తలుపు పిడి రెండుసార్లు తిప్పి వెళ్ళిపోయాడు. కింద నువ్వు, "మళ్ళీ వస్తే కాల్చి పారేస్తా" అని రాశావు.

ఆ పార్కా, అదే ఆ హుడ్ ఉన్న చలికోటు, మీ మామయ్యది. అందులో ఉన్నది నేను.

గోంగూర పచ్చడి ఇచ్చిపోదామని పోయిన వారం మిల్టన్‌లో మీ మామయ్య ఇంటి నుంచి వచ్చాను. మామయ్య కారులోనే కూర్చున్నాడు. మనవడి ఇంటికి వెళ్ళి బెల్లు కొట్టి నిలబడే అలవాటు నాకు లేదు. తలుపు తెరుచుకోలేదు, మీరు ఆఫీసులకి పోయారనుకుని తిరిగి వెళ్ళిపోయాను. నీ పిస్టల్‌లో నమ్మదగ్గవి ఆ ఇరుక్కున్న మూడు గుండ్లే.

దాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. శనివారం హార్డ్‌వేర్ షాపులో మీ వీధి తలుపు తాళంచెవికి నకళ్ళు రెండు చేయించి నాకు తెచ్చివ్వు. ఒకటి ఎలాగూ పారేసుకుంటాను.