సైలెన్సర్‌లో సందు

“ఆ టిక్కు టిక్కుమనే చప్పుడు శుభ్రంగా తీసేశాను తల్లీ. విను.”

పైపుల బాబాయ్ యాక్సిలరేటర్ నొక్కి వదిలాడు. షెడ్డులో రేసు కారు నిండుగా, మెత్తగా మోగింది. సరదాకి రేసులాడేవాళ్లంతా సైలెన్సర్ కోసం ఆయన దగ్గరికే వస్తారు. చేతిలో అంత పనితనం ఉంది. నోరు అంతకు రెండింతలు.

కారు బాగుకిచ్చిన ఆమె తల దించుకుంది.

“బాగాలేదా?”

“బాగుంది బాబాయ్. మరీ బాగుంది.”

“అదేం మాట?” ఆయన నేల మీద సుద్దతో గీసిన బొమ్మ చూపించాడు. “నాలుగు పైపులూ ఒకే పొడవు. ఒకదాని పొగ ఇంకోదాన్ని తోసుకోకుండా వరుసగా వచ్చి ఇక్కడ కలుస్తాయి. ఈ వంపు కుదరడానికే మూడు రోజులు పట్టింది. మీ ఆయన చేసిన పాతదానికి ఈ అతుకు దగ్గరే సందు. అందులోంచి పొగ తన్నితేనే ఆ టిక్కు. మనిషి మంచి డ్రైవరే గానీ, వెల్డింగ్ మాత్రం చేతకాదు.”

“అందరూ అదే చెప్పేవాళ్లు. ఆయనొక్కరే ఒప్పుకునేవారు కాదు.”

ట్రాకు మీద ఎన్నడూ గీత పడని ఆ మనిషి, రెండేళ్ల క్రితం నాలుగు రోజుల జ్వరానికి పోయాడు. ఆయన కారు ఇప్పుడు ఆమె నడుపుతోంది. ఆఫీసుకి వెళ్లొచ్చేదీ దాంట్లోనే, ఆదివారం రేసుకి దిగేదీ దాంట్లోనే. పోయిన ఆదివారం రెండో మలుపులో పాత సైలెన్సర్ ఊడి కింద పడింది.

“బాబాయ్, ఆ సందు మళ్లీ పెట్టాలి.”

ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. “ఏం పెట్టాలి?”

“మా అత్తయ్య కోసం. కొడుకు లేడన్న సంగతి ఆవిడకి గుర్తులేదు. మిగతావన్నీ గుర్తే, వీధిలో అందరి పుట్టినరోజులతో సహా. ఆ ఒక్కటే జారిపోయింది. డాక్టరు దగ్గరికి రమ్మంటే, నాకేం, గుండ్రాయిలా ఉన్నానంటుంది.”

“ఎప్పటినుంచి?”

“ఆయన పోయిన నెలకి. నేను మంచం దిగకుండా పడుంటే అత్తయ్యే, కారు తుప్పు పట్టిపోతుంది, ఒకసారి తిప్పి తీసుకురమ్మంది. తిప్పి తెచ్చాను. గుమ్మంలో నిలబడి, ‘వాడొచ్చాడు, వడ్డించు’ అంది. కాదని ఎలా చెప్పను? అప్పటినుంచి రోజూ అంతే. సాయంత్రం నేను వీధి మలుపు తిరుగుతుంటే ఆ టిక్కు వింటుంది, వడ్డించమంటుంది. ఆ చప్పుడు వినపడకపోతే అత్తయ్యకి ముద్ద దిగదు.”

బాబాయ్ ఇంజను ఆపాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. “అక్కడ సందు వదిలితే పొగ నీ ముక్కులోకే వస్తుంది. పైగా రేసువాళ్లు చూస్తే కారుని గేటు దాటనివ్వరు. నా చేత్తో చేసిన పైపుకి నేనే చిల్లు పెట్టుకోనా? వీల్లేదమ్మా. ఇంకేదైనా అడుగు. రేపు సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్లు.”

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తోంది.

“వాడింకా రాలేదే?”

“కారు పైపుల బాబాయ్ షెడ్డులో ఉంది కదత్తయ్యా. ఆలస్యమవుతుందన్నారు. మీరు తినండి.”

“నువ్వు తిను ముందు. ఐదు రోజులైంది, ఎలా చిక్కిపోయావో చూసుకున్నావా?”

“మీరు తినకుండా నేనెలా తింటాను?”

ఇద్దరూ రెండు ముద్దలు కెలికి కంచాలు పక్కకి నెట్టేశారు. కారు వచ్చే రోజుల్లో అలా ఉండేది కాదు. కోడలు మూడు కంచాలు పెట్టేది. “స్నానం చేసి వస్తారట, మనం కానిద్దాం” అనేది. తను చెప్పిన అబద్ధానికి తనే ఒక్కోసారి స్నానాల గది వైపు చూసేది. అత్తగారు కొసరి కొసరి వడ్డిస్తుంటే, ఎన్నాళ్లుగానో ఆకలితో ఉన్నట్టు తినేది. ఆ అరగంటా ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఆయన కావాలి. రెండేళ్లయినా అంతే, ఇంకేమీ అక్కర్లేదు, ఆయన కావాలి.

మర్నాడు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, షెడ్డుకి బయల్దేరుతూ గుమ్మంలో అత్తగారి చెప్పులు సర్దింది. అడుగున ఇనప రజను గుచ్చుకుని ఉంది. షెడ్డు నుంచి తన కాళ్లకి అంటుకొచ్చి ఉంటుందనుకుని దులిపేసింది. గేటు దాటి ఎరగని మనిషి చెప్పులకి ఇంకెక్కడిది?

షెడ్డులో బాబాయ్ ఆమెను కారు వెనక్కి తీసుకెళ్లాడు. పైపు చివర, డ్రైవరు సీటుకి దూరంగా, చిన్న బోల్టు కనిపించింది.

“రేసుకి బిగించు. ఎవడూ వంక పెట్టలేడు. ఇంటికెళ్లేటప్పుడు రెండు చుట్లు వదులు చెయ్యి, సందు తెరుచుకుంటుంది. ఇప్పుడు విను.”

ఇంజను అందుకుంది. టిక్కు, టిక్కు, టిక్కు. యాక్సిలరేటర్ వదలగానే ఆ పాత దగ్గు. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు.

“అచ్చం అదే బాబాయ్. నిన్న వీల్లేదన్నారుగా?”

“నువ్వడిగితే వీల్లేదన్నాను. పొద్దున మీ అత్తగారొచ్చి అడిగారు.”

“అత్తయ్యా? ఇక్కడికా? ఏమని?”

బాబాయ్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

“‘మావాడు పోయాక, ఆ చప్పుడు వినపడకపోతే మా కోడలికి ముద్ద దిగదు’ అన్నారు.”