మార్పుల చిట్టా

ఉద్వాసన ఉత్తరాన్ని ఎడిటర్ ముందుకు తోసి, "సంతకం పెట్టండి" అన్నాను. ఆ ఒక్క మాట కోసం ఏడేళ్లు పళ్లబిగువున ఓర్చుకున్నాను.

అప్పట్లో నకిలీ మందుల మీద నేను రాసిన కథనాన్ని మా వెబ్‌సైట్‌లో లక్షలమంది చదివారు. పెట్టిన గంటకే దాని మీద నా పేరు మాయమైంది. పీకేసింది ఈయనేనని మనసులో రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు డిజిటల్ విభాగం మొత్తం నా చేతికొచ్చింది. రాగానే ఈయన కుర్చీకే ఎసరు పెట్టాను.

ఆయన సంతకం పెట్టి లేచాడు. "నీ పేరు నేను తియ్యలేదమ్మా. నీ మంచికే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు నీకన్నీ కనిపిస్తాయిగా, ఆ వార్త చిట్టా తెరిచి చూసుకో."

దొంగ ఏడుపనుకున్నాను. ఆయన వెళ్లాక తెరిచాను. వార్తలో ఎవరు ఏం మార్చినా మా సిస్టమ్‌లో పేరుతో, టైముతో పడి ఉంటుంది.

పదింటికి నా పేరు తీసేశారు. పదీ ఇరవైకి ఎడిటర్ మళ్లీ పెట్టాడు. పదిన్నరకి మళ్లీ తీసేశారు. రెండుసార్లూ తీసింది డెస్క్‌లో పనిచేసే మా ఆయన. ఆ రోజు నా కళ్లు తుడిచి, "ఆ ముసలాణ్ణి మాత్రం వదలకు" అని నూరిపోసిందీ ఆయనే.

అంతలో మా ఆయన తలుపు తోసుకుని నవ్వుతూ వచ్చాడు. "పీడ విరగడైందా?"

ఎడిటర్ ఉత్తరంలో పేరొక్కటి తీసేసి, ఇంకో పేరు పెట్టి ప్రింట్ ఇచ్చాను.

"కూర్చో. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది."