అలమేలుమంగ మగ్గం

మా కాలేజీని డిజైన్ యూనివర్సిటీ చేసిన ఏడాదే చేనేత శాఖను ఎత్తేశారు. నా భార్య అలమేలుమంగ బతికినన్నాళ్ళూ పాఠం చెప్పిన మగ్గం రేపు లారీ ఎక్కాలి. నిలువు పోగులు, అంటే పడుగు దారాలున్న మగ్గాన్ని కదిపితే అరిష్టమని తిరుత్తణి కూలీలెవరూ కదపరు. అది తెలిసే ఆఫీసువాళ్ళు సాయంత్రం దారాలన్నీ కోసేశారు.

వాటిని తిరిగి ముడివేయాలని నేనూ, ఆమె శిష్యురాలు దర్శినీ చీకటి పడ్డాక ఆ గదికి వెళ్ళాం. కరెంటు తీసేశారు. వాచ్‌మన్ నటరాజన్ నా చేతిలో టార్చి పెట్టి, మమ్మల్ని చూడనట్టే వెళ్ళిపోయాడు.

"అయ్యా, మనకంటే ముందే ఎవురో వచ్చినారు," అంది దర్శిని.

సగం దారాలు ముడిపడి ఉన్నాయి. ముడులన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. ఈ గదిలో ఎడమచేత్తో ముడివేసిన మనిషి అలమేలు ఒక్కతే.

"ఇంటికి పూడద్దామా అయ్యా? నాకు కాళ్ళు వణకతా ఉండాయి."

"యాడికి పోయేది? ఇంకా సగం ఉండాదే. వణికేది కాళ్ళే కదా, చేతులు కాదు గదా!"

టార్చి ఆరిపోయింది. దూరంగా వినిపిస్తున్న రైలు చప్పుడు కూడా ఆగిపోయింది. నేను మగ్గం పలక మీద కూర్చుని, తెగిన కొస ఒకటి పట్టుకుని, రెండో కొస కోసం చీకట్లో చేయి చాపాను.

దర్శిని నా వెనకే నిలబడి ఉంది. ఎదురుగా ఎవరో ఆ కొసను నా వేళ్ళకు అందించారు.

ముడి వేశాను.