కిటికీ లేని అర్ర

1959 ఆగస్టు తొమ్మిది, ఆదివారం. ఆ పొద్దున తిన్న జొన్నరొట్టె, పుంటికూర పప్పు లింగమూర్తికి ఎన్నో ఏళ్లు గుర్తున్నాయి. రెండిటిలోనూ వార్నీషు వాసనే తగిలింది మరి.

రొట్టె సగంలో వదిలి లేచాడు. పిలిపించిన వడ్రంగి హనుమంతు వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"గృహప్రవేశమై మూడు నెలలాయె. ఇంకా ఈ వాసనేందయ్యా? ఏం పూసినవు తలుపులకు?"

"అందరి ఇండ్లకు పూసిందే సారూ. వారంల పోతది. మూడు నెలలుండే వార్నీషు నేనైతే సూడలే."

"అంటే నా ముక్కు అబద్ధమాడుతున్నదా? అన్నీ పీకు. కొత్తయి పెట్టు."

హనుమంతు ముఖం మాడిపోయింది. కట్టిన ఇంటి తలుపులు ఊడదీయించారని తెలిస్తే నిర్మల్‌లో ఆ వడ్రంగిని మళ్లీ ఎవరు పిలుస్తారు?

లింగమూర్తి బాధ లింగమూర్తిది. తహసీలు కచ్చేరీలో గుమస్తా అయ్యాక, బొమ్మలు చేసేవాళ్ల వీధి వదిలి ఈ ఇల్లు కట్టుకున్నాడు. ఆ పని ఈ గడప తొక్కకూడదని అందరికీ చెప్పాడు. అయినా నిన్న కచ్చేరీ మిత్రుడొకడు ముక్కు ఎగబీల్చి, "ఇల్లు మారినా బొమ్మల వాసన పోలేదేందోయ్?" అని నవ్వాడు.

హనుమంతు మడతబందులు విప్పి వీధి తలుపు రెక్కను వాకిట్లో, ముసురు తెరిపిచ్చిన ఎండలో ఆనించాడు. లింగమూర్తి దగ్గరగా వాసన చూశాడు. టేకు వాసన తప్ప ఏమీ లేదు. లోపలికొస్తే మళ్లీ అదే ఘాటు. ముందుగదిలో కొంచెం, వంటింట్లో ఇంకాస్త. ఇద్దరూ వాసన వెంటే నడిచి, జొన్నలు దాచే వెనక అర్ర ముందు ఆగారు.

అక్కడ లింగమూర్తి భార్య బాలలక్ష్మి నిలబడి ఉంది. తనూ ఆ బొమ్మల వీధిలో పుట్టిన పిల్లే. ఆమె నోరు తెరిచేలోపు పక్కనున్న మంచం మీది నుంచి లింగమూర్తి తండ్రి అంబదాస్ లేచాడు.

"పాపం హనుమంతునేం అనకు. నేనే. పానం ఆగక గీస్తున్న."

"మామా..."

"నువ్వూకో బిడ్డా."

అర్రలో చీకటి. జొన్నల గుమ్మి వెనక వార్నీషులో కలిపే టర్పెంటైన్ సీసా, కుంచెలు, గుడ్డ కింద ఒక కొయ్య చిలుక. రెక్కల మీద ఈకలు వెంట్రుకలంత సన్నగా దిద్ది ఉన్నాయి. లింగమూర్తి దాన్ని కోపంగానే ఎత్తాడు కానీ చాలాసేపు దించలేదు. తడి పచ్చరంగు బొటనవేలికి అంటింది.

"చెప్పిన గద బాపూ. ఈ పని జేసేటోళ్లు ఈ ఇంట్ల ఉండొద్దని."

"పోత తీ. పాత ఇల్లు ఉండనే ఉండె. రేపు పొద్దుగాల్ల పోత."

హనుమంతు తలుపు తిరిగి బిగించి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

రాత్రి తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ముసలాయన బట్టల సంచి గోడకు ఆనించి ఉంది. ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తాడు. రెండు చేతులూ ఎప్పటిలాగే వణికాయి. సగం మజ్జిగ పంచె మీదికి ఒలికింది. లింగమూర్తి ముందుకు జరిగి గ్లాసు పట్టుకుని, ఆయన తాగేదాకా అలాగే ఉన్నాడు. బొటనవేలి పచ్చరంగు ఇంకా వదలలేదు.

చేయి కడుక్కుని వచ్చి, సంచిలోంచి తండ్రి బట్టలు తీసి ఒక్కొక్కటే దండెం మీద వేశాడు.

"ఏందిరా?" అన్నాడు అంబదాస్.

"నువ్వు యాడికీ పోవుడు లేదు. రేపు హనుమంతును మళ్ల రమ్మను బాపూ, ఆ అర్రకు కిటికీ పెట్టిద్దాం. నీ కోడలు చీకట్ల గీస్తున్నది, కండ్లు పోతయ్," అని లింగమూర్తి వీధి తలుపు మెల్లగా మూశాడు.