రెండుసార్లు చల్లారిన కాఫీ

ఆలివ్ కోతకు సాయం వచ్చినవాళ్ల వ్యాను దేర్ సఫ్వాన్ ఊళ్లో ఆగింది. దిగినవాళ్లంతా తోటలోకి నడిచారు, ఒక్క ముసలావిడ తప్ప.

ఆవిడ తిన్నగా అబూ రస్మీ వాకిట్లోకి వచ్చింది.

“అబూ రస్మీ మీరేనా? నా పేరు మార్సెల్. కాసేపు కూర్చోవచ్చా?”

సరిహద్దు గీత అవతల నుంచి వచ్చిన యూదు మనిషి. మాట్లాడింది మాత్రం అరబ్బీ, అదీ బాగ్దాద్ యాసలో.

“కూర్చోండక్కా. ఈ యాస ఎక్కడిది మీకు?”

“మా అమ్మది. అక్కడే పుట్టి పెరిగింది.”

వాకిట్లో అప్పటికే ఇద్దరున్నారు. పక్కింటి నఈం, టాక్సీ నడిపే జుహ్దీ. రోజూ వస్తారు. రోజూ ఒకటే గొడవ. మాట్లాడుకుంటే ఈ యుద్ధం ఆగుతుందా, ఆగదా?

కొత్త మనిషి వచ్చిందని నోరు కట్టుకునే రకాలు కాదు.

“నా పెళ్లికి ముందు నుంచీ మాట్లాడుతూనే ఉన్నారయ్యా,” అన్నాడు జుహ్దీ. “మాట్లాడిన ప్రతిసారీ ఆ గుట్ట మీద వాళ్ల ఇళ్లు పెరిగాయి. ఇంకోసారి మాట్లాడితే నా టాక్సీ పెట్టుకోడానికి కూడా చోటుండదు.”

“తుపాకులు మాత్రం ఏం ఒరగబెట్టాయి? కావాలంటే అబూ రస్మీనే...” అనబోయి నఈం నాలిక కరుచుకున్నాడు.

అబూ రస్మీ కొడుకు రస్మీ, చెక్‌పోస్టు దగ్గర ఒక సైనికుణ్ణి కాల్చి చంపాడు. అక్కడే తనూ చచ్చిపోయాడు. శవాన్ని సైన్యం ఇవ్వలేదు. అబూ రస్మీ ఎక్కని కోర్టు మెట్టు లేదు. కొడుకును మట్టిలో పెట్టకుండానే రెండో కోత వచ్చేసింది. ఆ ఒక్క పనీ అయిపోతే ఆ తర్వాత ఏమైనా కానీ అనుకుంటున్నాడాయన.

ఆయన భార్య ఉమ్ రస్మీ కాఫీ తెచ్చింది. ముసలావిడ కప్పు అందుకుని, ఎదురుగా ఉన్న స్టూలు మీద పెట్టింది.

“నువ్వు చెప్పు అబూ రస్మీ,” అన్నాడు నఈం మాట మారుస్తూ. “రెండు వంశాలు నరుక్కుంటే నిన్నే కదా తీసుకెళ్లేవాళ్లం. ఎన్ని ఇళ్లల్లో కాఫీ చల్లారబెట్టావు నువ్వు!”

అది నిజం. ఏదైనా అడగడానికి వచ్చినవాడు కాఫీ ముట్టడు. ‘ఏం కావాలి నీకు?’ అని ఇంటాయన అడిగేదాకా కప్పు అలాగే ఉంటుంది. ఇస్తానని మాటిచ్చాకే తాగుతాడు. అలా ఎన్నో పగలు తీర్చిన మనిషి అబూ రస్మీ.

“అది మన పద్ధతి,” అన్నాడాయన నీరసంగా. “కప్పు కింద పెట్టి అడిగే మనిషి అటువైపు ఒక్కరున్నా నేనూ కూర్చునేవాణ్ణి. వాళ్లకి అడగడం తెలీదు నఈం. తీసుకోవడమే తెలుసు. నాకిక ఓపిక లేదు.”

ముసలావిడ తలెత్తి ఆయన్ను చూసింది.

“మీరు చెప్పండమ్మా,” అన్నాడు జుహ్దీ వెటకారంగా. “మాట్లాడితే ఆగుతుందంటారా?”

“మా ఇంట్లోనూ భోజనాల దగ్గర ఇదే గొడవ,” అందావిడ. “మావాడు ఆగుతుందనేవాడు. నేను ఆగదనేదాన్ని.”

“మరి ఎవరు గెలిచారు?”

ఆవిడ అబూ రస్మీ వైపు తిరిగింది.

“నా కాఫీ చల్లారిపోతోంది,” అంది మెల్లగా.

“అయ్యో! ఉమ్ రస్మీ, అక్కకి వేడి కాఫీ పట్రా,” అని ఆయన లోపలికి కేకేశాడు.

చల్లారిన కప్పు లోపలికి పోయింది. పొగలు కక్కే కప్పు వచ్చింది.

ఆవిడ దాన్నీ ముట్టలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.

జుహ్దీ, నఈం మళ్లీ మొదలుపెట్టారు. పొద్దు వాలేదాకా తెగలేదు.

వ్యాను హారన్ మోగింది. గేటు మూసేలోగా చెక్‌పోస్టు దాటాలి. ఆవిడ లేచి ఉమ్ రస్మీ చేతులు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఏమీ అనకుండానే వెళ్లిపోయింది.

“చూశారా?” అన్నాడు జుహ్దీ. “రెండు కప్పులిస్తే ఒక్క గుక్క తాగలేదు. విషం కలిపామనుకుంది. వీళ్లతోనా మనం మాట్లాడేది?”

అబూ రస్మీకి మనసు చివుక్కుమంది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. లాయరు రుబా.

“అబూ రస్మీ గారూ, రేపు రస్మీని ఇచ్చేస్తున్నారు.”

ఆయన గోడకు చేరబడ్డాడు.

“ఎలా ఇస్తున్నారమ్మా? ఇన్నాళ్లూ కుదరదన్నారు కదా?”

“ఆ సైనికుడి ఇంటివాళ్లు ఇన్నాళ్లూ అడ్డుపడ్డారు. ఇప్పుడు వాళ్లే ఇచ్చెయ్యమని కోర్టుకు చెప్పారు. ఆ ఇంటి మనిషికి మిమ్మల్ని ఏదో అడగాలని ఉందట. మీకు ముందే ఈ సంగతి తెలిస్తే బేరం పెట్టినట్టుంటుంది, తను వెళ్లి అడిగొచ్చాకే చెప్పమని నాతో అన్నారు. అందుకే సాయంత్రం దాకా ఆగాను. ఇంతకీ ఏం అడిగారండీ?”

అబూ రస్మీ స్టూలు వైపు చూశాడు. కప్పు నిండుగా ఉంది. కాఫీ మీద పొర కట్టింది.

దూరంగా వ్యాను గేటు దాటిపోయింది. ఆ గేటు దాటడానికి ఆయనకు అనుమతి లేదు.

“ఎవరమ్మా?” అన్నాడు, తెలిసిపోయినా.

“ఆ చనిపోయిన కుర్రాడి తల్లండీ, మార్సెల్.”