పుంటా ఖర్చు సున్నా

"అమ్మాయ్, పది రిబ్బన్లు కావాలి."

దివినా తలెత్తలేదు. ఆమె ముందు మూడు ఫోన్లున్నాయి. మూడింటిలోనూ బనికేద్ గారు నడుం తిప్పుతూ డాన్సు చేస్తున్నారు.

మేయరు పదవికి నిలబడ్డ పెద్దమనిషి గెంతుతుంటే జనం ఆగి చూస్తారు. చూస్తే పేరు గుర్తుంటుంది. అదీ దివినా లెక్క. ఆ లెక్క కోసమే ఆమెను మనీలా నుంచి పిలిపించుకున్నారు. ప్రచారం డబ్బంతా ఫోన్ ప్రకటనలకే పోతోంది.

"ఏం రిబ్బన్లు తాతా?"

"తెల్లవి. మీద సారు పేరు అచ్చేసి ఉంటుంది. పాత ఆఫీసులో గుమాస్తా ఇచ్చేవాడు. నా దగ్గరున్న కట్ట అయిపోయింది."

"రిబ్బన్లు కట్టి ఓట్లడిగే రోజులు పోయాయి. ఇప్పుడంతా ఫోనే."

"ఓట్లకి కాదు తల్లీ..."

"ఇంతకీ ఎవరు నువ్వు?"

"క్రిసాంతో అంటారు. పుంటా నుంచి వచ్చాను."

దివినా చటుక్కున తలెత్తింది.

పుంటా! నెల రోజులుగా ఆమె బుర్ర తినేస్తున్న పేరు అది. గోడ మీద ఊరి పటం ఉంది. ఒక్కో పేట పక్కన ప్రకటనలకు పెట్టిన ఖర్చు, దాని కింద సర్వేలో వచ్చిన మద్దతు రాసి ఉన్నాయి. డబ్బు పోసిన చోట కూడా పదిమందిలో ఐదుగురు దాటడం లేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ జాలరిపేటలో మాత్రం ఖర్చు సున్నా, మద్దతు పదికి తొమ్మిది!

"అక్కడేం చేశారు సర్?" అని ఒకరోజు బనికేద్‌నే అడిగింది.

"ఏం చెయ్యలేదే. అటు వెళ్లి పన్నెండేళ్లయింది. నా మొహంలోనే ఏదో ఉంది దివినా!" అని ఆయన అద్దంలో చూసుకున్నారు.

ఇప్పుడు పుంటా మనిషే కాళ్ల దగ్గరికి నడిచొచ్చాడు.

"తాతా, మీ వాళ్లంతా సారుకే వేస్తామంటారు. ఎందుకు?"

ముసలాయన నవ్వాడు. "కష్టమొస్తే సారు తోడుంటారు కదమ్మా."

"ఆయన అటు రానేలేదన్నారే!"

"ఆయన రారు. ఆయన పేరు వస్తుంది."

దివినాకు ఒళ్లు మండింది. "అంటే సారు పేరు చెప్పుకుని తిరుగుతున్నావా? ఎంత వసూలు చేశావు?"

"అయ్యో, వసూలేమిటి తల్లీ..."

"చూడు తాతా. ఇకమీదట ఎక్కడా ఆయన పేరెత్తకు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మా పీకలమీదికొస్తుంది. ఆ పేరు ఎక్కడ కనబడాలో మేం చూసుకుంటాం."

ముసలాయన చేతులు జోడించాడు. ఆకుపసరు పట్టిన వేళ్ల నిండా తీగ గీరుకున్న గాట్లు. వలలు అల్లే చేతులు కాబోలు అనుకుంది దివినా.

"సరే తల్లీ. ఆఫీసువాళ్లు మీరే వద్దంటే ఇంకేముంది."

ఆయన వెళ్లగానే ఆమెకు ఆలోచన తట్టింది. పైసా పెట్టకుండానే తొమ్మిది మంది ఉంటే, పెడితే ఆ పదోవాడు ఎక్కడికి పోతాడు?

నలభై వేల పెసోలు పుంటా మీద కుమ్మరించింది. పోలింగు దాకా అక్కడ ఎవరు ఫోన్ తెరిచినా బనికేద్ డాన్సే.

బనికేద్ మూడు వందల ఆరు ఓట్లతో ఓడిపోయారు.

పుంటాలో పోలైన తొమ్మిది వందల ఓట్లలో ఏడు వందలు అవతలివాడికి పడ్డాయి.

ఆఫీసులో అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. దివినాకు మాత్రం కాళ్లు నిలవలేదు. ఓడినందుకు ఏడుపు రావాలి, కానీ ఎందుకిలా అయిందన్న ప్రశ్నే లోపల తొలిచేస్తోంది. జీప్నీ బండి ఎక్కి పుంటాలో దిగింది.

ప్రార్థనా మందిరం ముందు పందిరి వేసి ఉంది. పందిరి కింద మూడు శవపేటికలు. పోలింగుకు మూడు రోజుల ముందు పడవ తిరగబడి ముగ్గురు పోయారట. పోయినవాళ్లను వారం పది రోజులు ఉంచి కాపలా కూర్చోవడం అక్కడి ఆచారం.

నువ్వెవరని అడక్కుండానే ఒకావిడ కప్పుతో కాఫీ, రెండు బిస్కెట్లు చేతిలో పెట్టింది. "కూర్చోమ్మా. ఎండనపడి వచ్చావు."

దివినా మెల్లగా అడిగింది. "మీరంతా బనికేద్‌కే వేస్తారని విన్నానక్కా?"

"వేసేవాళ్లమేనమ్మా. పన్నెండేళ్లుగా ఇక్కడ ఎవరు పోయినా గుమ్మంలో మొదట నిలబడే పూలచక్రం ఆయనదే. కూలివాడికైనా, కుంటివాడికైనా. ఈసారి ఇంటికి పెద్దదిక్కులు ముగ్గురు పోతే ఆయన దగ్గర్నుంచి ఒక్క పువ్వు రాలేదు. పైగా శవాలు ఒడ్డుకు చేరిన రోజు మా ఫోన్లలో పొద్దస్తమానం గెంతుతూనే ఉన్నాడు."

దివినా బిస్కెట్టు పక్కన పెట్టేసింది.

అప్పుడు చూసింది. ఒక్కో పేటిక పక్కన ఒక్కో పూలచక్రం ఉంది. కొబ్బరాకు, తెల్లపూలు తీగతో బిగించి కట్టారు. అడ్డంగా తెల్ల రిబ్బను. దాని మీద ఏ పేరూ లేదు.

"మరి ఇవెవరు పంపారు?"

"ఏమో. ఎప్పుడూ తెచ్చిపెట్టేది మా క్రిసాంతో తాతే. ఇదివరకు 'బనికేద్ పంపారు' అనేవాడు. ఈసారి ఎవరివి తాతా అంటే, చెప్పొద్దన్నారని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు."

దివినా పందిరి బయటికొచ్చి బనికేద్‌కు ఫోన్ చేసింది.

"సర్, పుంటాకి మీరు పూలు పంపేవారా?"

"పూలా? పన్నెండేళ్ల కిందట అక్కడ క్రిసాంతో అని ఒక పూలవాడి భార్య పోతే ఒక్క పూలచక్రం పట్టుకెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను, అంతే దివినా. ఆ తర్వాత ఒక్క పువ్వు కూడా పంపలేదే!"