నిద్రపోనివ్వకండి

కొండమీది పార్కులో ఫొటోకని అంచుదాకా పోయిన మొగుడు కాలుజారి మంచునీళ్ల వాగులో పడ్డాడు. పెళ్లాం అతని జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది. తడిబట్టలు ఊడదీసి తన కోటు కప్పింది. అయినా అతని కళ్లు మూతలు పడుతూనే ఉన్నాయి.

“నిద్రపోయాడంటే ఇక లేవడు. మేమొచ్చేదాకా చెంపలు ఎడాపెడా వాయించండమ్మా!” అన్నాడు పార్కు గార్డు ఫోన్లో.

ఆమె వాయించింది. మొదట మెల్లగా, తర్వాత ఒళ్లు మరిచిపోయి. అరచేతులు మండిపోతే బూటు విప్పి అందుకుంది.

గార్డు రొప్పుతూ చేరేసరికి మొగుడి పెదవి చిట్లి, గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది. “తెలివొచ్చిందే తల్లీ, ఆపవే!” అని లబోదిబోమంటున్నాడు. బూటు మాత్రం ఆగడం లేదు.

గార్డు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “చాలమ్మా! మెలకువగానే ఉన్నాడుగా!”

ఆమె విదిలించుకోబోయింది. ఆ ఊపుకి మఫ్లర్ జారింది. చెవి దగ్గర్నుంచి దవడదాకా చర్మం కమిలి నల్లబడి ఉంది.

“రాత్రి ఇతను కొట్టినప్పుడు నేనూ మెలకువగానే ఉన్నా, అన్నా.”

గార్డు చెయ్యి వదిలేశాడు. వెనక్కి తిరిగి, కిందనుంచి ఎక్కుతున్న తన మనుషులకు కేకేశాడు.

“స్ట్రెచర్ నిదానంగా తీసుకురండి. తొందరేం లేదు!”